అమెరికా పిల్లలకు సివిక్స్, ఎకనామిక్స్ ట్యూషన్: ఫెడరల్, స్టేట్, కౌంటీ ఎలా విడదీసి చెప్పాలి?

సీతమ్మధార_ట్యూటర్

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో కూర్చుని అమెరికా తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాళ్లం చాలామందిమే ఉన్నాం కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. హైస్కూల్ పిల్లలకు లెక్కలు, ఎకనామిక్స్ చెబుతుంటే ఇప్పుడు తల్లిదండ్రులు గవర్నమెంట్ సబ్జెక్టు కూడా చెప్పమంటున్నారు. (అక్కడ దాని పేరు ‘ఏపీ గవర్నమెంట్’. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. మన ఏపీకి సంబంధం లేదు, నవ్వకండి.)

మూడు చోట్ల ఆగిపోతున్నాను. కేంద్రం, రాష్ట్రం, జీవీఎంసీ (వైజాగ్ నగరపాలక సంస్థ) అనే మన లెక్కనే ఫెడరల్, స్టేట్, లోకల్ మీద పెట్టి చెప్పేస్తే ఎంతవరకు సరిపోతుంది? ఇక టెక్సాస్‌లో ఫ్రిస్కో పిల్లాడొకడు వాళ్లింటి ఆస్తి పన్ను బిల్లు చూపించి, ‘సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ అని ఇన్ని లైన్లున్నాయి, వీళ్లలో ఎవరు ఎవరికి బాస్?’ అన్నాడు. మూడోది ఎకనామిక్స్‌లో. సంప్రదాయ, కమాండ్ (వనరులు ఎటు పోవాలో ప్రభుత్వమే నిర్ణయించేది), మార్కెట్, మిశ్రమ అని నాలుగు రకాల ఆర్థిక వ్యవస్థలు చెప్పి, అమెరికా మార్కెట్ వ్యవస్థ అనగానే పెన్సిల్వేనియా అమ్మాయి ‘మా దగ్గర లిక్కర్ షాపు గవర్నమెంటుదే కదా’ అంది. విడివిడిగా జవాబులు చెప్పొచ్చు గానీ వీటిని ఒక పాఠంగా ఎలా అల్లాలో పాలుపోవడం లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

ఏయూ_పాలిటిక్స్

మన లెక్క సగం దూరం వస్తుందండి. ఆ తర్వాత తప్పుదారి పట్టిస్తుంది.

మన రాజ్యాంగంలో ఏడో షెడ్యూల్ మూడు జాబితాలు ఇస్తుంది. ఏ జాబితాలోనూ లేని విషయం 248వ అధికరణం ప్రకారం పార్లమెంటుకు పోతుంది. అమెరికాలో దీన్ని తిరగేసి చూడాలి. 1787లో రాజ్యాంగం రాసేనాటికే 13 రాష్ట్రాలు నడుస్తున్నాయి. అవి తమ చేతిలోంచి కొన్ని అధికారాలు తీసి ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చాయి. నాణేలు, సైన్యం, తపాలా, పేటెంట్లు, పౌరసత్వ నియమాలు, విదేశీ వాణిజ్యం, రాష్ట్రాల మధ్య వాణిజ్యం లాంటివి ఒకటో అధికరణం ఎనిమిదో సెక్షన్‌లో పేరుపేరునా ఉంటాయి. ఇవ్వనిదంతా రాష్ట్రాలది లేదా ప్రజలది అని 1791 నాటి పదో సవరణ చెబుతుంది. అందుకే హత్య కేసు, పెళ్లి లైసెన్సు, డ్రైవింగ్ లైసెన్సు, స్కూళ్లు, భూమి వినియోగం మామూలుగా రాష్ట్రాల పరిధిలోవి. పాస్‌పోర్టు, వీసా, సోషల్ సెక్యూరిటీ నంబరు ఫెడరల్‌వి.

తెలుగు పిల్లలకు ఈ తేడా తలకెక్కాలంటే 2014 విభజన కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరించింది. అయినా మూడో అధికరణం కింద పార్లమెంటు చట్టం చేసింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అమెరికాలో ఇది కుదరదు. నాలుగో అధికరణం మూడో సెక్షన్ ప్రకారం, ఉన్న రాష్ట్రంలోంచి కొత్త రాష్ట్రం చెక్కాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాలి, కాంగ్రెస్ కూడా ఒప్పుకోవాలి. 1820లో మెయిన్ అలాగే మసాచుసెట్స్ సమ్మతితో విడిపోయింది. అక్కడి గవర్నర్ మన గవర్నర్ కాదని కూడా ఇక్కడే చెప్పేయండి. జనం ఓటేసి ఎన్నుకున్న కార్యనిర్వాహక అధిపతి, మన ముఖ్యమంత్రి స్థానంలో ఉండే మనిషి. రాష్ట్రపతి పాలన పెట్టే మన 356 లాంటి అధికరణం లేదు కాబట్టి రాష్ట్ర ప్రభుత్వాన్ని వాషింగ్టన్ రద్దు చేయలేదు.

రాష్ట్రానికి, లోకల్‌కు మధ్య మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. చాలా నోట్సులు తప్పేది ఇక్కడే. అమెరికా రాజ్యాంగంలో స్థానిక ప్రభుత్వాల ప్రస్తావనే లేదు. మనకు 74వ సవరణ, 12వ షెడ్యూల్‌లో 18 అంశాలు ఉన్నాయి. జీవీఎంసీకి రాజ్యాంగంలో కనీసం ఒక కుర్చీ ఉందన్నమాట, అందులో కూర్చోనిస్తారా లేదా అన్నది వేరే విషయం. అక్కడ సిటీ, కౌంటీ పూర్తిగా రాష్ట్రం సృష్టించిన సంస్థలు. 1868లో అయోవా జడ్జి జాన్ డిల్లన్ చెప్పిన సూత్రం ప్రకారం, రాష్ట్రం స్పష్టంగా ఇచ్చిన అధికారమే వాటికుంటుంది. తర్వాత చాలా రాష్ట్రాలు ‘హోమ్ రూల్’ పేరిట సిటీలకు కొంత స్వేచ్ఛ ఇచ్చాయి. ఇచ్చింది రాష్ట్రమే కాబట్టి వెనక్కి తీసుకోగలిగేదీ రాష్ట్రమే. అంటే వాషింగ్టన్‌కూ రాష్ట్రాలకూ మధ్య సమాఖ్య బంధం, రాష్ట్రానికీ దాని ఊళ్లకూ మధ్య ఏకకేంద్ర బంధం. ఈ ఒక్క వాక్యం పిల్లలు పట్టుకుంటే పరీక్షలో సగం తప్పులు పోతాయి.

ఇక ఫ్రిస్కో పిల్లాడి ప్రశ్న. ఎవరూ ఎవరికీ బాస్ కాదు. మేడ మీద మేడలా కౌంటీ కింద సిటీ, సిటీ కింద స్కూలు అని బొమ్మ గీస్తే తప్పు. అవన్నీ పక్కపక్కన నిలబడి టెక్సాస్ రాష్ట్రానికి మాత్రమే జవాబుదారీగా ఉంటాయి. ఫ్రిస్కో సిటీ కాలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో పరుచుకుని ఉంది. ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దులు సిటీ హద్దులతో కలవవు. పక్కనున్న ప్లేనో, మెకిన్నీల్లో కొంత భాగం కూడా అందులోకే వస్తుంది. స్కూల్ బోర్డుకు విడిగా ఎన్నికలు, విడిగా పన్ను రేటు, విడిగా అప్పులు. మేయరుకు స్కూల్ సూపరింటెండెంట్ మీద పెత్తనం లేదు. నీళ్లు, రవాణా, ఆసుపత్రి, కమ్యూనిటీ కాలేజీ లాంటి ఒక్క పని కోసం పుట్టిన స్పెషల్ డిస్ట్రిక్ట్‌లు దేశం మొత్తంమీద 35 వేలు దాటాయి. అన్ని రకాల స్థానిక ప్రభుత్వాలు కలిపితే సుమారు 90 వేలు, కౌంటీలు మూడు వేల పైచిలుకు.

కౌంటీ అంటే మన జిల్లా అని చెప్పి వదిలేయకండి. కలెక్టర్ ప్రభుత్వం పోస్టింగ్ ఇస్తే వచ్చే ఐఏఎస్. కౌంటీలో షెరీఫ్, క్లర్క్, పన్ను వసూలు అధికారి చాలాచోట్ల ఎన్నికైనవాళ్లే, ప్రాసిక్యూటర్ కూడా (న్యూజెర్సీలో మాత్రం కౌంటీ ప్రాసిక్యూటర్‌ను గవర్నరే నియమిస్తారు). టెక్సాస్‌లో ‘కౌంటీ జడ్జి’ ప్రధానంగా పాలనాధికారి. నలుగురు కమిషనర్లతో కలిసి కూర్చునే ‘కమిషనర్స్ కోర్ట్’ నిజానికి బడ్జెట్ పాస్ చేసే పాలకమండలి. దాన్ని న్యాయస్థానం గడిలో రాసి మార్కులు పోగొట్టుకునే పిల్లలు ఎక్కువ. సిటీల్లోనూ రెండు పద్ధతులు. హ్యూస్టన్, చికాగోల్లో జనం ఎన్నుకున్న మేయరే పాలన నడుపుతారు. డాలస్, ఫీనిక్స్‌లలో కౌన్సిల్ ఒక సిటీ మేనేజర్‌ను ఉద్యోగంలో పెట్టుకుంటుంది. ఆయన్ని జీవీఎంసీ కమిషనర్‌తో పోల్చొచ్చు గానీ ఒక తేడా చెప్పాలి: మన కమిషనర్‌ను రాష్ట్ర ప్రభుత్వం పంపుతుంది, అక్కడి మేనేజర్‌ను కౌన్సిలే పెట్టుకుంటుంది, కౌన్సిలే తీసేస్తుంది.

రాష్ట్రం మారితే బొమ్మ మారుతుంది. కనెక్టికట్‌లో 1960 నుంచి కౌంటీ ప్రభుత్వాలే లేవు. లూసియానాలో వాటిని పారిష్‌లంటారు. వర్జీనియాలో సిటీలు ఏ కౌంటీలోనూ భాగం కావు. హవాయి మొత్తానికి ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్. అందుకని ముందు పిల్లాడి రాష్ట్రం అడిగి తర్వాత బోర్డు మీద గీయండి.

లాసన్స్‌బే_లా

పైన చెప్పినదానికి ఒక చేర్పు. పిల్లలు ఆరో అధికరణంలోని సుప్రిమసీ క్లాజ్ చదివి, ‘ఫెడరల్ చట్టమే పైచేయి కాబట్టి ఫెడరల్ ఏదైనా చేయగలదు’ అని రాసేస్తారు. తనకిచ్చిన అధికారాల లోపల చేసిన చట్టానికే ఆ పైచేయి.

ఏపీ గవర్నమెంట్ సిలబస్‌లో తప్పనిసరి కేసులు కొన్నుంటాయి, వాటిలో ఈ రెంటినీ జంటగా చెప్పండి. 1819 మెకల్లాక్ వర్సెస్ మేరీల్యాండ్: రాజ్యాంగంలో బ్యాంకు మాట లేకపోయినా, ఇచ్చిన అధికారాలను నడపడానికి అవసరం కాబట్టి కాంగ్రెస్ బ్యాంకు పెట్టొచ్చు, దాని మీద రాష్ట్రం పన్ను వేయకూడదు. 1995 యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ లోపెజ్: స్కూలు దగ్గర తుపాకీ ఉంచుకోవడం అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రాదు కాబట్టి ఆ ఫెడరల్ చట్టం చెల్లదు. ఒకటి ఫెడరల్ పరిధిని సాగదీసింది, ఇంకొకటి గీత గీసింది.

ఇంకో సంగతి. ఫెడరల్ తన చట్టాన్ని తన ఏజెంట్లతో అమలు చేసుకోవచ్చు గానీ రాష్ట్ర అధికారులను ఆ పనికి బలవంతంగా వాడుకోలేదు. 1997 ప్రింట్జ్ తీర్పు అదే. తుపాకీ కొనేవాళ్ల పూర్వాపరాలు లోకల్ షెరీఫ్‌లే చూడాలన్న నిబంధనను కోర్టు కొట్టేసింది. మరి రాష్ట్రాల చేత పని ఎలా చేయించుకుంటారు? డబ్బుతో. మద్యం కొనే వయసు 21 చేయని రాష్ట్రానికి హైవే నిధుల్లో కోత పెడతామని 1984లో చట్టం చేశారు. సౌత్ డకోటా కోర్టుకెళ్లి 1987లో ఓడిపోయింది. మన కేంద్ర ప్రాయోజిత పథకాల సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

గంజాయి ప్రశ్న ఎలాగూ వస్తుంది. చాలా రాష్ట్రాలు తమ చట్టంలో నిషేధం ఎత్తేశాయి. 1970 నాటి ఫెడరల్ చట్టంలో నిషేధం అలాగే ఉంది. రాష్ట్ర పోలీసు పట్టుకోడు, ఫెడరల్ ఏజెంటు పట్టుకోవచ్చు. ఇమిగ్రేషన్ పూర్తిగా ఫెడరల్ కాబట్టి, ఎఫ్-1 లేదా హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ‘మా రాష్ట్రంలో లీగలే’ అనుకుని వాడినా, ఆ షాపుల్లో పనిచేసినా వీసాకే ముప్పు. ఇది పరీక్షకు కాకపోయినా ఆ ఇళ్లలో పెద్దవాళ్లకు పనికొస్తుంది.

సీతమ్మధార_ట్యూటర్

ఇద్దరికీ ధన్యవాదాలండి. క్లాసులో చేయించడానికి ఏదైనా పని చెప్పగలరా? చార్టు గీయిస్తే కాపీ కొట్టి మర్చిపోతున్నారు.

మధురవాడ_పేరోల్

చార్టు వద్దు. మూడు కాగితాలు తెప్పించండి: ఒక జీతం స్లిప్పు, ఒక షాపు రసీదు, ఒక ఆస్తి పన్ను బిల్లు. ఇంటిపేరు, అడ్రసు, సోషల్ సెక్యూరిటీ నంబరు కొట్టేసి పంపమని పిల్లలకు ముందే చెప్పండి. ప్రతి లైను పక్కన మూడు విషయాలు రాయించండి: ఈ పన్ను ఎవరు వేశారు, ఎవరు వసూలు చేశారు, చివరికి ఎవరు ఖర్చు పెడతారు. మూడూ ఒకటే కాకపోవడమే అసలు పాఠం.

జీతం స్లిప్పులో 1,000 డాలర్లకు సోషల్ సెక్యూరిటీ (పింఛను పథకం) 6.2 శాతం, అంటే 62 డాలర్లు (ఏటా మారే ఒక జీతం పరిమితి దాకానే). మెడికేర్ (పెద్దవాళ్ల ఆరోగ్య బీమా) 1.45 శాతం, 14.50. రెండూ ఫెడరల్. ఫెడరల్ ఆదాయ పన్ను 10 నుంచి 37 శాతం దాకా ఏడు శ్లాబుల్లో ఉంటుంది. స్లిప్పులో కోసేది, ఉద్యోగి కంపెనీకి ఇచ్చే డబ్ల్యూ-4 ఫారంలో నింపినదాన్ని బట్టి. టెక్సాస్ స్లిప్పులో రాష్ట్ర ఆదాయ పన్ను లైనే ఉండదు. పెన్సిల్వేనియాలో అందరికీ ఒకే రేటు, 3.07 శాతం, 30.70 డాలర్లు. ఫిలడెల్ఫియాలో ఉండేవాళ్లయితే సిటీ వేజ్ ట్యాక్స్ కూడా ఉంటుంది, నాలుగు శాతానికి కాస్త తక్కువ. ఒకే కాగితం మీద మూడు ప్రభుత్వాలు కనిపించాలంటే ఆ ఊరి స్లిప్పు తెప్పించుకోవాలి. ఎఫ్-1 విద్యార్థి స్లిప్పు మాత్రం వద్దు. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు వాళ్లకు సాధారణంగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత ఉండదు, పిల్లలు తికమకపడతారు.

రసీదు ప్లేనోది తీసుకుందాం. 200 డాలర్ల సామానుకు 8.25 శాతం, 16.50 డాలర్లు. అందులో రాష్ట్రానికి 12.50, సిటీకి 2, డార్ట్ అనే రవాణా సంస్థకు 2. పక్కనే ఉన్న ఫ్రిస్కోలోనూ రేటు 8.25 శాతమే, కానీ ఆ ఊరు డార్ట్‌లో చేరలేదు. అక్కడ ఆ రెండో ఒక శాతం సిటీ పెట్టుకున్న రెండు అభివృద్ధి కార్పొరేషన్లకు చెరి సగం పోతుంది. ఫ్రిస్కోకు డార్ట్ రైలు ఎందుకు లేదో పిల్లలే చెప్పేస్తారు. సేల్స్ ట్యాక్స్‌లో ఫెడరల్ వాటా సున్నా. మన జీఎస్టీలా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు సగాలు వెతికితే దొరకవు. ఒరెగాన్, మోంటానా, న్యూహాంప్‌షైర్, డెలావేర్, అలాస్కా రాష్ట్రాల్లో రాష్ట్ర స్థాయి సేల్స్ ట్యాక్సే లేదు.

ఆస్తి పన్ను బిల్లులో తప్పులు ఎక్కువ. కౌంటీ పన్ను ఆఫీసు చాలా సంస్థల తరఫున ఒకే బిల్లు పంపుతుంది. అది చూసి మొత్తం డబ్బు కౌంటీదే అనుకుంటారు. టెక్సాస్‌లో ఇంటి విలువ కట్టేది కౌంటీ కాదు, అప్రైజల్ డిస్ట్రిక్ట్ అనే విడి సంస్థ. పన్ను లెక్క ప్రతి 100 డాలర్ల విలువకు ఇంత అని: పన్ను పడే విలువ 4 లక్షలుండి రేటు 1 డాలర్ అయితే పన్ను 4,000. సొంతింటి మినహాయింపు ఒక్కో సంస్థ దగ్గర ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒకే ఇంటికి ఒక్కో లైనులో ఒక్కో విలువ కనిపిస్తుంది. అది అచ్చు తప్పు కాదని ముందే చెప్పండి. మామూలుగా అన్నిటికంటే పెద్ద లైను స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. రాష్ట్రానికి లైనే ఉండదు, టెక్సాస్ రాజ్యాంగమే రాష్ట్ర ఆస్తి పన్నును నిషేధించింది. కానీ ఆస్తులెక్కువున్న స్కూల్ డిస్ట్రిక్ట్‌ల దగ్గర్నుంచి కొంత డబ్బు లాగి పేద డిస్ట్రిక్ట్‌లకు సర్దే ఏర్పాటు 1993 నుంచి నడుస్తోంది. వేసింది స్కూల్ బోర్డు, వసూలు చేసింది కౌంటీ ఆఫీసు, అందులో కొంత మళ్లించింది రాష్ట్రం. మూడు ప్రశ్నలకు మూడు జవాబులు.

గాజువాక_ఎకనామిక్స్

మూడో ప్రశ్నకు వస్తాను. ‘ఏ దేశం ఏ వ్యవస్థ’ అని అడిగితే ఎప్పుడూ చిక్కే. ఏ రంగం, ఏ సంవత్సరం అని అడగాలి. ఆ రంగంలో ఆస్తి ఎవరిది, ధర ఎవరు నిర్ణయిస్తారు, నష్టం వస్తే ఎవరి జేబుకు చిల్లు అని మూడు ప్రశ్నలు వేయాలి. పుస్తకాలు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

లిక్కర్ షాపు చూడండి. 1933లో 21వ సవరణ మద్యనిషేధాన్ని ఎత్తేసి, మద్యం సంగతి రాష్ట్రాలకు వదిలింది. 17 రాష్ట్రాలు హోల్‌సేల్‌నో, హోల్‌సేల్‌తో పాటు రిటైల్‌నో తమ చేతిలో పెట్టుకున్నాయి. పెన్సిల్వేనియా, యూటాల్లో విస్కీ సీసా సర్కారు దుకాణంలోనే. మేరీల్యాండ్‌లో మోంట్‌గోమరీ అనే కౌంటీ కూడా ఈ వ్యాపారం చేస్తుంది. మన ఏపీలో 2019 అక్టోబరులో షాపులు ప్రభుత్వం నడపడం మొదలెట్టింది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకు పోయాయి. ఈ ఐదేళ్లూ ఆంధ్రప్రదేశ్ కమాండ్ వ్యవస్థ అయిపోయిందా? కాలేదు. ఒక రంగంలో యాజమాన్యం మారింది, అంతే. పెన్సిల్వేనియా అమ్మాయికి ఈ జవాబు చాలు. ఇక్కడే సివిక్స్ పాఠం కూడా కలుస్తుంది: అమెరికాలో ‘ప్రభుత్వం వ్యాపారం చేస్తుందా’ అని అడిగేముందు ఏ ప్రభుత్వం అని అడగాలి. నార్త్ డకోటా రాష్ట్రానికి 1919 నుంచి సొంత బ్యాంకు ఉంది. టెనెసీ లోయలో కరెంటు అమ్మే టీవీఏ 1933 నుంచి ఫెడరల్ సంస్థ.

యాజమాన్యం చూసి మోసపోకూడదనడానికి మన ఊళ్లోనే పాఠముంది. హిందుస్థాన్ షిప్‌యార్డ్‌ను 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ పెట్టింది. 1948లో ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి దిగింది ప్రైవేటు యార్డు నుంచే. 1952లో ప్రభుత్వం మూడింట రెండొంతులు కొన్నది, 1961కి మొత్తం తీసుకుంది, 2010లో రక్షణ శాఖ కిందికి మార్చింది. అమెరికాలో అణు విమానవాహక నౌకలు కట్టే ఒకే ఒక్క యార్డు వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో ఉంది, అది ప్రైవేటుది. కానీ ఆ ఓడలకు కొనుగోలుదారు నేవీ ఒక్కటే. పోటీ అమ్మకందారు లేడు, రెండో కొనుగోలుదారు లేడు. దాన్ని పుస్తకంలోని స్వేచ్ఛా మార్కెట్ అనగలమా? ఇక్కడి యార్డుకూ అక్కడి యార్డుకూ కాగితం మీద ఉన్నంత తేడా నడకలో లేదని నా అభిప్రాయం.

మూడో ప్రశ్న, నష్టం ఎవరిది అన్నది, స్టీల్ ప్లాంటు ఉన్న ఊరివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. సొంత ఇనుప గనులు లేకపోవడం, అప్పుల వడ్డీ, మార్కెట్ ధరలు అని కారణాల మీద వాదన నడుస్తూనే ఉంది. 2021 జనవరిలో కేంద్రం పూర్తి వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది, 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. నష్టం వచ్చినా ఎవరో ఒకరు పూడుస్తారని సంస్థకు తెలిస్తే దాని నిర్ణయాలు ఎలా మారతాయో హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నై సిద్ధాంతీకరించాడు. ఇది ప్రభుత్వ రంగానికే పట్టిన జబ్బు అని పిల్లలు రాయకుండా వెంటనే జనరల్ మోటార్స్ కార్ల కంపెనీ సంగతి చెప్పండి. 2009లో అమెరికా ప్రభుత్వం దాన్ని ఆదుకుని 60 శాతం పైగా వాటా తీసుకుంది, 2013 డిసెంబరుకు అమ్మేసి బయటపడింది. జనరల్ మోటార్స్‌ను ఆదుకోవడానికి కొద్ది నెలల ముందు, 2008 సెప్టెంబరులో, లేమన్ బ్రదర్స్ అనే పెట్టుబడుల బ్యాంకును మాత్రం మునగనిచ్చింది. రెండూ ప్రైవేటు కంపెనీలే.

కమాండ్ వ్యవస్థ గురించి ‘నియంతృత్వం’ అని ఒక్క ముక్కలో రాయిస్తే మార్కు రాదు. ఎవరు పాలిస్తారన్నది రాజకీయ ప్రశ్న, వనరులు ఎవరు పంచుతారన్నది ఆర్థిక ప్రశ్న. సోవియట్ ప్రణాళికా సంస్థ గోస్‌ప్లాన్ 1921లో పుట్టింది, మొదటి పంచవర్ష ప్రణాళిక 1928లో మొదలైంది. అది ఎందుకు తడబడిందో యంత్రం విప్పినట్టు చెప్పాలి. ధర కదలదు కాబట్టి కొరత ఎక్కడుందో పైవాళ్లకు క్యూల ద్వారానే తెలుస్తుంది. లక్ష్యం టన్నుల్లో ఇస్తే ఫ్యాక్టరీ బరువైన సరుకే చేస్తుంది. ఈ ఏడాది లక్ష్యం దాటితే వచ్చే ఏడాది లక్ష్యం పెంచుతారు కాబట్టి మేనేజరు తన అసలు సామర్థ్యం దాచుకుంటాడు. పైకి వెళ్లే లెక్కలు అందుకే నమ్మదగ్గవి కావు. ఇంకోవైపు, అమెరికాయే 1942 ఫిబ్రవరిలో జనం కొనే కార్ల తయారీని ఆపించి ఫ్యాక్టరీలను యుద్ధ సామగ్రికి మళ్లించింది, ధరల నియంత్రణ, రేషన్ కూపన్లు పెట్టింది. అప్పుడు ఎన్నికలూ జరిగాయి.

స్వీడన్, డెన్మార్క్ సోషలిస్టు దేశాలన్నది అమెరికా పిల్లలు ఇంట్లో టీవీ చూసి తెచ్చే తప్పు. అక్కడ కంపెనీలు ఎక్కువగా ప్రైవేటువి. పన్నులు ఎక్కువ, సంక్షేమం ఎక్కువ. చట్టబద్ధ కనీస వేతనం మాత్రం ఆ రెండు దేశాల్లో లేదు, యూనియన్ల ఒప్పందాలతో నడుస్తుంది. అమెరికాలో ఉంది: ఫెడరల్ కనీసం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచి అదే. సియాటిల్ సొంతంగా అంతకంటే చాలా ఎక్కువ పెట్టుకుంది. టెక్సాస్‌లో ఏ సిటీ అయినా ప్రైవేటు ఉద్యోగులకు అలా పెడదామన్నా రాష్ట్ర చట్టం అడ్డం. ఏయూ గారు చెప్పిన డిల్లన్ సంగతి ఇక్కడ జీతంలో కనబడుతుంది.

సంప్రదాయ వ్యవస్థకు అలాస్కా గ్రామాల్లో తిండి కోసం సాగే వేట, చేపలు పట్టడం చెప్పండి. ఫెడరల్ భూముల్లో గ్రామీణులకు 1980 చట్టం ప్రాధాన్యం ఇచ్చింది. మనవైపు అరకు పోడు వ్యవసాయం ఉంది. పూర్తిగా సంప్రదాయమని ఎవరినీ అనలేం. అదే అరకు కొండల కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని ధర మీద ప్రపంచ మార్కెట్ ప్రభావం ఉంటుంది.

హార్బర్_రోడ్

ఇంత రాశారు, పోర్టు మాట రాలేదేంటండి? అమెరికాలో పోర్టులు ప్రైవేటువా, గవర్నమెంటువా?

గాజువాక_ఎకనామిక్స్

మంచి ప్రశ్న, పిల్లలకు హోంవర్కుగా ఇవ్వదగ్గది. వైజాగ్‌లో ఒక్క ఊళ్లోనే రెండు రకాలున్నాయి. విశాఖపట్నం పోర్టు అథారిటీ కేంద్రం కింద, 2021 మేజర్ పోర్టుల చట్టంతో నడుస్తుంది. గంగవరం రాష్ట్రం అనుమతితో వచ్చిన ప్రైవేటు పోర్టు, 2021లో అదానీ చేతికి వెళ్లింది. అమెరికాలో మన మేజర్ పోర్టులా ఫెడరల్ ప్రభుత్వం నడిపే వాణిజ్య పోర్టు కోసం వెతకొద్దు. లాస్ ఏంజెలెస్ పోర్టు ఆ సిటీలో ఒక డిపార్టుమెంటు. హ్యూస్టన్‌లో టెక్సాస్ చట్టం కింద ఏర్పడిన అథారిటీ. న్యూయార్క్, న్యూజెర్సీ రెండు రాష్ట్రాలూ 1921లో ఒప్పందం చేసుకుని, కాంగ్రెస్ సమ్మతితో ఉమ్మడి అథారిటీ పెట్టుకున్నాయి.

అయితే ఎక్కువచోట్ల ఈ సంస్థలు భూస్వాముల్లాంటివే. నేల, జెట్టీ వాళ్లవి. క్రేన్లు తిప్పేది, సరుకు దించేది లీజుకు తీసుకున్న ప్రైవేటు టెర్మినల్ కంపెనీలు. కస్టమ్స్, కోస్ట్ గార్డ్ మాత్రం ఏ పోర్టులోనైనా ఫెడరల్‌వి. ఒక బెర్త్ దగ్గర నిలబడితే నేల సిటీది, క్రేన్ కంపెనీది, సరుకు మీద సుంకం వాషింగ్టన్‌ది. ఇంకొకటి: ఒక అమెరికా రేవు నుంచి ఇంకో అమెరికా రేవుకు సరుకు మోసే ఓడ అమెరికాలో కట్టినదై, అమెరికన్ల యాజమాన్యంలో, ప్రధానంగా అమెరికన్ సిబ్బందితో ఉండాలని 1920 నాటి జోన్స్ చట్టం చెబుతుంది. మన షిప్‌యార్డులో కట్టిన ఓడ హ్యూస్టన్‌కు సరుకు తీసుకెళ్లొచ్చు, అక్కడ సరుకెక్కించుకుని మయామీలో దించడానికి మాత్రం ఆ చట్టం ఒప్పుకోదు.